ఇంజనుకు గవర్నర్ ఉంది, బావికి ఏదీ?

అమెరికాలో ఉన్న మన మిత్రులకు గార్డెన్ ట్రాక్టరును పరిచయం చెయ్యనక్కరలేదు. శనివారం పొద్దున్నే పెరట్లో గడ్డి కోయడానికి దానిమీదెక్కి కూర్చున్నవారు ఈ సంచిక చదువుతున్నవారిలో చాలామందే ఉంటారు. నేనుండే బహ్రెయిన్‌లో అంత గడ్డి ఎక్కడిది? ఇక్కడ పచ్చదనం అంటే ఖర్జూరపు తోటలే. అయినా ఈ ఎడారి దీవిలోనే నాకు ఆ చిన్న ట్రాక్టరు ఇంజనుతో స్నేహం కుదిరింది. దాన్ని బాగు చెయ్యబోయి నేను చేసిన పొరపాటు, దాన్ని సరిదిద్దిన మా జిల్లా పెద్దాయన, ఆయన చెప్పిన మాట వెంట వెళ్తే ఎదురైన చరిత్ర, ఇవన్నీ మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, చేస్తున్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మన తరంలో ఇదేం వింత కాదు. ఒట్టో సైకిల్, డీజిల్ సైకిల్ బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, నాలుగేళ్ళ చదువులో ఒక్క ఇంజనునైనా నా చేత్తో విప్పి బిగించలేదు.

హమద్ టౌన్ శివార్లలో

హమద్ టౌన్ పాత ఊరు కాదు. బహ్రెయిన్ ప్రభుత్వం తన ప్రజలకు ఇళ్ళు కట్టించి ఇవ్వడం కోసం 1984లో ప్రారంభించిన పట్టణం. అప్పటి యువరాజు, ఇప్పటి రాజు అయిన హమద్ గారి పేరు పెట్టారు. పొడుగ్గా సాగిన ఈ ఊళ్ళో రౌండబౌట్లకు వరసగా అంకెలుంటాయి. ఎవరింటికైనా దారి అడిగితే వీధి పేరు చెప్పరు, రౌండబౌట్ నంబరు చెబుతారు. ఊరు కొత్తదే గానీ నేల మాత్రం చాలా పాతది. చుట్టుపక్కల నాలుగు వేల ఏళ్ళ కిందటి దిల్మున్ నాగరికతవారి సమాధి దిబ్బలు కనిపిస్తాయి. బహ్రెయిన్‌లోని ఇటువంటి 21 స్థలాలను, మొత్తం 11,774 దిబ్బలను, యునెస్కో 2019లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఊరు దాటి పడమరకు వెళ్తే బూరీ, కర్జకాన్, మాలికియా వంటి పాత పల్లెలు, వాటి ఖర్జూరపు తోటలు వస్తాయి. నాకు పరిచయమైన ఒక బహ్రెయినీ పెద్దమనిషికి అటువైపు ఒక తోట ఉంది. అందులో అమెరికాలో తయారైన పాత గార్డెన్ ట్రాక్టరు ఒకటి ఉండేది. ఒంటి సిలిండరు, పెట్రోలు ఇంజను. ఎండిన మట్టలను, ఎరువును చిన్న ట్రెయిలర్లో లాగడానికి వాడేవారు. 2017 చలికాలంలో అది మొరాయించింది. స్టార్టయ్యేది గానీ నిలకడగా తిరిగేది కాదు. రయ్యిమని లేచేది, వెంటనే గొంతు పడిపోయేది, మళ్ళీ లేచేది. "నువ్వు ఇంజనీరువి కదా, కాస్త చూడు" అన్నాడాయన. ఇంజనీరునన్న మాట నిజమే కనుక కాదనలేకపోయాను.

ఆ చిన్న ట్రాక్టరు ఎక్కడిది?

ఈ బండి పుట్టుక రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి అమెరికాలో జరిగింది. సైనికులు ఇళ్ళకు తిరిగి వచ్చారు, ఊళ్ళ చివర పెద్ద పెరళ్ళతో కొత్త కాలనీలు వెలిశాయి. గుర్రాన్నో పెద్ద ట్రాక్టరునో పెట్టేంత నేల కాదు, చేత్తో కోయగలిగినంత చిన్నదీ కాదు. ఆ మధ్య కొలతకు సరిపోయేలా వీల్ హార్స్ వంటి సంస్థలు 1940లలోనే చిన్న ట్రాక్టర్లు చేయడం మొదలుపెట్టాయి. పెద్ద ట్రాక్టర్లకు పేరుపొందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ 1961లో కబ్ కాడెట్‌ను, జాన్ డీర్ సంస్థ 1963లో తన 110 నమూనాను తెచ్చాయి. రెంటిలోనూ మొదట పెట్టింది కోలర్ సంస్థవారి ఏడు గుర్రాల శక్తి గల ఒంటి సిలిండరు ఇంజనే.

చిన్న ఇంజన్ల చరిత్రలో ఇంకో పెద్ద పేరు బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్. 1908లో మిల్వాకీలో మొదలైన ఈ సంస్థ 1953లో అల్యూమినియంతో పోతపోసిన తేలిక ఇంజనును తెచ్చింది. గడ్డి కోసే యంత్రం సామాన్యుడి ఇంటికి రావడానికి అది ముఖ్య కారణం. ఈ ఇంజన్లన్నీ ఎవరైనా విప్పి బిగించుకోగలిగినవి. కార్బురేటర్ మీద ఒకటో రెండో మరలుండేవి, వాటిని తిప్పి గాలి, పెట్రోలు పాళ్ళు ఎవరి అవసరానికి వారు సరిచేసుకునేవారు. 1997 నుంచి అమెరికాలో చిన్న ఇంజన్ల పొగ మీద నిబంధనలు వచ్చాక ఆ మరలకు మూతలు పడ్డాయి. గాలికి అది మంచిదే. కాకపోతే ఇంటాయన చేతిలోని స్క్రూడ్రైవరుకు పని తగ్గింది.

నా పొరపాటు

తోటలో ట్రాక్టరు బానెట్ ఎత్తి చూశాను. ముందు చెయ్యవలసినవి చేశాను. ప్లగ్గు విప్పి, మసి తుడిచి, సందు 0.030 అంగుళాలకు సరిచేశాను. నిప్పురవ్వ బాగానే వస్తోంది. ఎయిర్ ఫిల్టరు నిండా ఎడారి దుమ్ము, అదీ దులిపాను. ఇంజను మాత్రం అదే ఊగడం. వేగం ఊగుతోందంటే వేగాన్ని అదుపు చేసేది పాడైనట్టే అని తర్కించి, గవర్నర్ స్ప్రింగును ఇంకో రంధ్రంలోకి మార్చి బిగించాను. ఫలితం, ఊగడం అలాగే ఉంది, పైగా ఇంజను ఇంతకుముందుకన్నా భయంకరంగా అరవసాగింది.

పక్క తోటలో పనిచేసే పెద్దాయన ఆ అరుపు విని వచ్చాడు. అరవై దాటినవాడు. మాటను బట్టి మా జగిత్యాల వైపని తెలిసి ప్రాణం లేచొచ్చింది. ఒక నిమిషం విని, చెయ్యి ఊపి ఇంజను ఆపమన్నాడు.

"సారూ, గవర్నర్‌ను ఎందుకు ముట్టిండ్రు? దాని పని అది చేస్తనే ఉన్నది. ఇంజనుకు తిండి అందుతలేదు. తిండి అందకుంటే అది మాత్రం ఏం జేస్తది?"

"మీకు ఈ ఇంజన్లు తెలుసా కాకా?"

"ఆయిలింజన్ల మీద నేర్చుకున్న. పెట్రోలైతేంది, డీజిలైతేంది? గాలి, తిండి, నిప్పు. మూడే."

స్ప్రింగును మొదట ఉన్న రంధ్రంలోకే మార్పించాడు. కార్బురేటర్ విప్పి, అడుగు గిన్నె తీసి చూపించాడు. ఎండాకాలమంతా ట్యాంకులో నిలవున్న పెట్రోలు ఆరిపోయి, జిగురుగా మారి, జెట్టు రంధ్రాన్ని సగం మూసేసింది. నేను సూది కోసం వెతుకుతుంటే వద్దన్నాడు. సూది గీస్తే రంధ్రం పెద్దదై ఇక ఎన్నటికీ పాళ్ళు కుదరవట. పాత కరెంటు తీగ ముక్క ఒలిచి, అందులోంచి ఒక్క రాగి పోగు లాగి, దానితో శుభ్రం చేశాడు. రాగి మెత్తన, ఇత్తడి జెట్టును గీయదు. చిరిగిన గాస్కెట్ బదులు దళసరి కాగితాన్ని ఇంజను అంచుమీద పెట్టి, గుండు సుత్తితో అంచు వెంట సన్నగా కొడుతూ పోతే, కత్తెర పెట్టకుండానే సరిగ్గా సరిపోయే గాస్కెట్ తయారైంది.

పాత ఇంజను కనుక కార్బురేటర్ మీద మర ఉంది. దాన్ని నెమ్మదిగా, బలం పెట్టకుండా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పాడు. ఇంజను వేడెక్కాక ఒకవైపు తిప్పుతూ పోయి అది నీరసించే చోటు, రెండోవైపు తిప్పి బరువెక్కే చోటు చెవితోనే పట్టుకుని, రెంటికీ నడుమ నిలిపాడు. ఊగడం ఆగింది. ఇంజను ఒకే శ్రుతిలో తిరిగింది. పుస్తకాల్లో ఉన్నది కూడా సరిగ్గా ఈ పద్ధతే. ఆయన ఆ పుస్తకం చదవలేదు, నేను చదివీ చెయ్యలేకపోయాను.

గవర్నర్ అంటే ఏమిటి?

ఇంటికొచ్చాక ఆయనన్న మాటే తిరిగింది నా బుర్రలో. తిండి అందని ఇంజను వేగం తగ్గుతుంది. అది చూసి గవర్నర్ థ్రాటిల్ తెరుస్తుంది. వేగం పెరుగుతుంది, గవర్నర్ మళ్ళీ మూస్తుంది, మళ్ళీ తిండి చాలదు. మనకు కనిపించే ఊగుడు గవర్నర్ తప్పు కాదు, ఎక్కడో ఉన్న లోటును అది ఓపికగా పూడ్చబోవడం.

ఈ పరికరం చరిత్ర పెద్దది. గాలిమరల్లో తిరగలిరాళ్ళ సందును అదుపు చేయడానికి వాడిన తిరిగే గుండ్ల ఏర్పాటును జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి తగిలించాడు. వేగం పెరిగితే గుండ్లు దూరం జరుగుతాయి, ఆవిరి కవాటం కొంచెం మూసుకుంటుంది. తగ్గితే దగ్గరకొస్తాయి, కవాటం తెరుచుకుంటుంది. కొన్ని యంత్రాలు నిలకడగా ఉంటే కొన్ని ఎందుకు ఊగుతాయో గణితంతో తేల్చినవాడు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్. గవర్నర్ల మీద ఆయన 1868లో రాసిన పత్రం నియంత్రణ శాస్త్రానికి పునాదుల్లో ఒకటి. 1948లో నార్బర్ట్ వీనర్ ఈ ఆలోచనను మనుషులకూ యంత్రాలకూ కలిపి విస్తరించి సైబర్నెటిక్స్ అని పేరు పెట్టాడు. ఓడ చుక్కాని పట్టేవాణ్ణి సూచించే గ్రీకు మాట అది. గవర్నర్ అన్న మాటా అక్కడినుంచి వచ్చినదే.

సాఫ్ట్‌వేర్ మిత్రులకు ఇది తెలిసిన విషయమే. మన సర్వర్ల మీద రద్దీ పెరిగితే ఇంకొన్ని సర్వర్లు తమంతట తామే లేచి, తగ్గితే ఆగిపోయే ఏర్పాటు వెనక ఉన్నదీ ఈ సూత్రమే. కొలవాలి, కొలతను బట్టి చర్య తీసుకోవాలి, మళ్ళీ కొలవాలి. కొలత లేనిదే అదుపు లేదు.

మోట నుంచి ఆయిలింజను దాకా

మరి ఆ పెద్దాయన ఇంజను విద్య ఎక్కడ నేర్చాడు? మా ఊళ్ళ బావుల దగ్గర. అది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మన పల్లెల్లో నీళ్ళు తోడే పద్ధతులకు ఎన్ని పేర్లో! కాలవల పక్కన గూడ, ఏతం. రాయలసీమలో కపిల. తెలంగాణలో మోట. మోటబావి దగ్గర ఎద్దులు ఏటవాలు దారిలో దిగుతుంటే తోలు తిత్తి నిండి పైకి వచ్చేది. తెల్లవారకముందే మొదలుపెట్టి రోజంతా కొట్టినా తడిసే మడులు కొన్నే. ఎద్దు అలసిపోయేది, మనిషి అలసిపోయేవాడు, రాత్రికి బావి మళ్ళీ ఊరేది.

నికొలాస్ ఒట్టో నాలుగు స్ట్రోకుల ఇంజను 1876లోనూ, రుడాల్ఫ్ డీజిల్ ఇంజను 1897లోనూ విజయవంతమయ్యాయి. రైతు బావి దగ్గరికి రావడానికి అవి చిన్నవీ, మొండివీ కావాలి. ఇంగ్లండులోని డర్స్లీలో లిస్టర్ సంస్థ 1930 ప్రాంతంలో తెచ్చిన సి.ఎస్. రకం అటువంటిది. పెద్ద ఫ్లైవీళ్ళతో నిమిషానికి 650 చుట్లే తిరిగే ఆరు గుర్రాల నమూనా ఎన్నో దేశాల పొలాలు చూసింది. మన దేశంలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ 1946లో పుణేలో మొదలైంది. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో చిన్న చిన్న కార్ఖానాలు లిస్టర్ రకం, పీటర్ రకం ఇంజన్లను చేసి దేశమంతా అమ్మాయి. ఆ లిస్టర్ రకం ఇంజన్లను ఈ మధ్యకాలంలో అమెరికాలో పాత ఇంజన్ల మీద మోజున్నవారు కూడా తెప్పించుకున్నారు. మన పల్లెటూరి ఇంజను అక్కడ అపురూప వస్తువైందన్నమాట.

మా తాత బావి దగ్గరా ఒక ఐదు గుర్రాల ఇంజనుండేది. నా చిన్నతనానికి కరెంటు మోటార్లు వచ్చేశాయి గానీ, కరెంటు లేనప్పుడు దాన్నే తిప్పేవారు. లివరెత్తి పట్టుకుని హ్యాండిల్ కొట్టి, వేగం అందుకున్నాక లివరు వదిలితే, టకటకమని పొగ వలయాలు వదులుతూ అందుకునేది. పంపులో ముందు నీళ్ళు పొయ్యాలి. ఫుట్‌వాల్వు దగ్గర గాలి లాగితే పేడనీళ్ళు పోసి సర్దాలి. చెడిపోతే పట్నం తీసుకుపోయే మాట లేదు. నాజిల్ తుడవడం, టాపెట్ సందు సరిచెయ్యడం, గాస్కెట్ కొట్టడం తెలిసినవాడు ప్రతి నాలుగు ఊళ్ళకూ ఒకడు ఉండేవాడు. ఈ పెద్దాయన అలాంటివాడే. సైకిల్ హ్యాండిల్‌కు పానాల సంచీ తగిలించుకుని ఊరూరా తిరిగేవాడినని చెప్పాడు.

ఏడు మీటర్ల గీత

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పాలి, ఎందుకంటే మిగతా కథంతా దానిమీదే ఆధారపడింది. పైన కూర్చున్న పంపు నీటిని నిజానికి లాగదు. గొట్టంలో గాలి తీసేస్తుంది, బయటి వాతావరణ పీడనం నీటిని పైకి నెడుతుంది. ఆ పీడనం మోయగలిగింది సిద్ధాంతంలో 10.3 మీటర్లు, ఆచరణలో ఏడెనిమిది మీటర్లు. ఇంజను ఎంత గొప్పదైనా ఆ గీత దాటలేదు. నీళ్ళు అంతకన్నా కిందికి పోతే పంపు వట్టిగా తిరగవలసిందే. అందుకే రైతులు బావి గోడలోనే గద్దె కట్టి ఇంజనును కిందికి దించేవారు. అక్కడ పొగ కమ్మి ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి.

అంటే ఆయిలింజను కాలంలో బావికి తెలియకుండానే ఒక గవర్నర్ ఉండేది. నీళ్ళు గీత దాటితే పంపు ఆగేది. గంట గంటకూ డీజిల్ కొనాలి కనుక మడి నిండగానే రైతు ఇంజను ఆపేవాడు. దాన్ని తిప్పడమే కష్టం కనుక ఊరికే తిప్పేవాడు కాడు.

ఆ తర్వాత ఒక్కొక్క పట్టూ సడలింది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడింది, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వచ్చింది, పల్లెపల్లెకూ తీగలు పడ్డాయి. 1980లలో వ్యవసాయ మోటార్లకు వాడిన కరెంటును బట్టి కాక, మోటారు గుర్రాల శక్తిని బట్టి ఏడాదికింత అని కట్టే పద్ధతి ఉండేది. బోరుబావులు, వాటి లోపల నీటిలోనే మునిగి ఉండి నీటిని కిందినుంచి పైకి నెట్టే సబ్‌మెర్సిబుల్ మోటార్లు వచ్చాయి. కిందినుంచి నెట్టేదానికి ఏడు మీటర్ల గీత లేదు. మూడు వందల అడుగులైనా, ఐదు వందలైనా, రాయలసీమలో కొన్నిచోట్ల వెయ్యి దాటినా తోడుతుంది. 2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. కరెంటు ఏ రాత్రి ఎప్పుడొస్తుందో తెలియదు కనుక రైతులు ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరుగుతుంది, మడి నిండినా తిరుగుతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, ఆ స్టార్టర్లను తీసెయ్యమని ప్రభుత్వమే రైతులను కోరవలసి వచ్చింది.

ఉచిత విద్యుత్తు తప్పని నా వాదన కాదు. కాలవల కింది రైతుకు దాదాపు ఊరికే వచ్చే నీటి కోసం బోరు రైతు అప్పులు చేసి, అప్పుల్లో మునిగి, ఎంతమంది ప్రాణాలు తీసుకున్నారో మనకు తెలుసు. నేను చెప్పేది ఒక్కటే. పాత అదుపులు పోయినప్పుడు వాటి స్థానంలో కొత్త అదుపు పెట్టుకోలేదు. మన తెలంగాణ నేల కింద ఉన్నది గట్టి రాయి. ఆ రాతి పగుళ్ళలో వాన ఎంత దాస్తే అంతే నీరు. పక్కవాడు లోతుకు వెళ్తే మనమూ వెళ్ళాలి. పెద్దాయన మూడు బోర్లు వేశాడు. రెండు పడనేలేదు, మూడోది రెండేళ్ళకు ఎండింది. అప్పటికి ఆయిలింజన్లు మూలపడి మెకానిక్ పనీ పోయింది. అప్పు తీర్చడానికి ఏజెంటు చేతిలో మరో అప్పు పెట్టి బహ్రెయిన్ వచ్చాడు.

అధారీ ఊట

వచ్చి చేరిన చోట ఆయనకు కనిపించింది అదే కథ, ఇంకో భాషలో.

బహ్రెయిన్ అంటే అరబ్బీలో రెండు సముద్రాలు. ఒకప్పుడు ఈ దీవి తీపినీటి ఊటలకు ప్రసిద్ధి. సుమేరియన్ల పురాణగాథల్లో కూడా దిల్మున్ దేవతలు తీపినీళ్ళు ప్రసాదించిన నేల. సౌదీ అరేబియా వైపునుంచి భూగర్భంలో పారివచ్చే నీరు ఇక్కడ తనంతట తానే పైకి ఉబికేది. సముద్రం అడుగున కూడా తీపి ఊటలుండేవి. ఊటలు అందని తోటల్లో ఎద్దుతోనో గాడిదతోనో తోలు తిత్తి లాగించి నీళ్ళు తోడేవారు. అచ్చం మన మోటే.

చమురు కన్నా ముందు ఈ దీవిలో యంత్రంతో తవ్వింది నీళ్ళ కోసమే. ఫ్రాంక్ హోమ్స్ అనే న్యూజిలాండ్ దేశస్థుడు 1925లో ఇక్కడ నీటి బావులు తవ్వి మెప్పు పొంది, ఆ సంవత్సరమే చమురు వెతికే హక్కు సంపాదించాడు. 1932లో చమురు పడింది. గల్ఫ్ అరబ్బు తీరంలో అదే మొదటి చమురు బావి. చమురుతో పాటే బోర్లు, పంపులు, జనం పెరిగారు. భూగర్భంలో నీటి పీడనం తగ్గుతూ పోయింది, సముద్రపు ఉప్పు లోపలికి చొరబడింది. వేల ఏళ్ళు పారిన ఊటలు కొన్ని దశాబ్దాల్లోనే ఎండాయి. 1970లనుంచి సముద్రపు నీటిలో ఉప్పు తీసి తాగవలసి వచ్చింది.

ఆ ఊటల్లో పేరుమోసినది ఐన్ అధారీ. దూరపు తోటలను తడిపి, పక్కనున్న తోటను ఎండబెడుతుందని దాని మీద బహ్రెయినీలకు ఒక సామెత. తోట యజమాని ఒకసారి ఈ సామెత చెబితే నేను తెలుగు చేసి పెద్దాయనకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మనమూ గంతే కద బిడ్డా" అన్నాడు. అప్పటిదాకా నన్ను సారూ అనే పిలిచేవాడు.

కొలత నేర్చుకున్న పల్లెలు

ఇదంతా నిరాశ కలిగించడానికి రాయడం లేదు. మన రైతులు బావికి గవర్నర్ పెట్టుకున్న సందర్భం ఒకటి ఉంది, అది మనలో చాలామందికి తెలియదు.

నెదర్లాండ్స్ సహాయంతో 1990లలో ఆంధ్రప్రదేశ్‌లో చిన్న రైతులకు ఉమ్మడిగా బోర్లు వేయించే ఒక పథకం నడిచింది. బోర్లు వేస్తే చాలదు, అవి ఎండకుండా చూడాలన్న అనుభవంతో, 2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే భూగర్భజలాలను చూసుకునే పథకం వచ్చింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఈ ఏడు కరవు జిల్లాల్లో ఆరు వందలకు పైగా పల్లెల్లో రైతులు, మహిళలతో సహా, వానను కొలవడం, బోర్లలో నీటిమట్టాన్ని క్రమం తప్పకుండా కొలవడం నేర్చుకున్నారు. ఖరీఫ్ ముగిశాక అందరూ కూర్చుని, నేలకింద ఎంత ఉంది, రబీలో ఏ పంటకు ఎంత పడుతుంది అని లెక్క వేసేవారు. దానికి నీటి బడ్జెట్ అని పేరు. వరి వెయ్యవద్దని ఎవరినీ ఎవరూ శాసించలేదు. లెక్క చూసుకుని ఎవరి నిర్ణయం వారిదే. చాలా చోట్ల తోడే నీరు తగ్గిందని, రాబడి మాత్రం తగ్గలేదని ప్రపంచ బ్యాంకు 2010 నివేదికలో గుర్తించింది.

2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం బోర్లకు అనుమతి తప్పనిసరి చేసింది. చట్టం పైనుంచి పట్టే పగ్గం. ఈ పల్లెల్లో జరిగింది వేరు. ఇంజను లోపలే ఉండే గవర్నర్ లాంటిది అది.

ఒక మనవి

పెద్దాయన 2019లో ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నాకు ఆ కార్బురేటర్‌ను రెండుసార్లు విప్పించి, బిగింపించాడు. మూడోసారి కళ్ళు మూసుకుని, చెవితో విని మర తిప్పమన్నాడు. దగ్గరికి వచ్చాననే అన్నాడు. కొడుకులకు ఈ విద్య అక్కరలేకపోయిందని, ఒకరికైనా చెప్పినందుకు తృప్తిగా ఉందని అన్నాడు. ట్రాక్టరు ఇప్పటికీ నడుస్తోంది. వాడకం లేని నెలల్లో ట్యాంకు ఖాళీ చేసి పెట్టడం నా బాధ్యత.

పరదేశాల్లో ఉన్న మనం సొంత ఊరికి ఏదైనా చెయ్యాలనుకున్నప్పుడు తరచుగా తట్టేది ఒక బోరు వేయించడం. మంచి పని. తాగునీటికి కటకటలాడే ఊళ్ళో అంతకన్నా పుణ్యం లేదు. నేను అడిగేది, ఆ బోరుతో పాటు ఇంకో చిన్న ఖర్చు కూడా పెట్టుకోండి. నీటిమట్టం కొలవడానికి బోరులోకి ఒక సన్నని గొట్టం, ఒక కొలత టేపు, బడి ఆవరణలో ఒక వానకొలత పాత్ర, అంకెలు రాయడానికి పంచాయతీ గోడ మీద ఒక నల్లబల్ల. బోరు ఖర్చుతో పోలిస్తే ఇవన్నీ లెక్కలోకి రావు. రెండు వారాలకొకసారి కొలిచి రాసే పని బడిపిల్లలకు అప్పగిస్తే వాళ్ళకు అంతకన్నా మంచి సైన్సు పాఠం ఉండదు.

నిరుడు మా ఊళ్ళో బావుల దగ్గరికి వెళ్ళాను. తాతగారి ఇంజను గద్దె మీదే తుప్పుపట్టి ఉంది. ఫ్లైవీలు కదలలేదు. పక్కనున్న బోరులోకి తాడుకు రాయి కట్టి వదిలాం నేనూ, మా చిన్నాయన కొడుకూ. నీరు తగిలిన చప్పుడు వినిపించాక తాడు బయటికి తీసి కొలిచి, ఆ అంకెను, తేదీని షెడ్డు గోడ మీద బొగ్గుతో రాశాం. ఇప్పుడు తమ్ముడు నెలకు రెండుసార్లు కొలిచి నాకు ఫోనులో పంపుతున్నాడు. ఎండాకాలంలో ఆ అంకె పెరుగుతూ పోవడం చూసి, ఈసారి యాసంగిలో రెండెకరాలు వరి మాని మక్క వేశాడు. నేను చెప్పలేదు, గోడ మీద అంకే చెప్పింది.